అక్క గొంతు

పోయిన వారం మహేశ్వరినీ, ఆమె తోడికోడలు హేమనూ గుంతకల్లులో స్టేషను వెనక సందులో, మనసు జబ్బులు చూసే డాక్టరు పద్మప్రియ గది బయట బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. "పిల్లలు పుట్టే మందు ఇప్పించుకొస్తా"నని అత్త చెన్నమ్మకు అబద్ధం చెప్పి, మహేశ్వరి ఆ పిల్లను బస్సెక్కించింది. అసలు సంగతి మనకు తెలుసు. హేమ కొన్నాళ్ళుగా సరిగా అన్నం ముట్టడం లేదు. కంచంలోది గుట్టుగా బర్రె కుడితిలో కలిపేస్తోంది. ఎవరూ లేని వైపు తల తిప్పి జవాబులు చెబుతోంది. మహేశ్వరి తప్ప దాన్ని జబ్బు అనుకున్నవాళ్ళు ఇంట్లో లేరు. ఊరైతే ఆ జవాబులకు చేతులెత్తి మొక్కుతోంది.

మొక్కడం ఎందుకో ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారి కోసం చెప్పాలి. బెళుగుప్ప దగ్గర వాళ్ళ ఊళ్ళో సుంకులమ్మ తల్లి ఇంతకాలం పూనింది మహేశ్వరికే. బోరు వేయించే రైతు ముందుగా ఆమె దగ్గరికి వచ్చేవాడు. డప్పు మోగుతుంటే ఆమె వేపాకులు పెట్టిన చెంబు పట్టుకుని పొలంలో నడిచేది. ఎక్కడ ఆమె కాలు ఆగితే అక్కడ బోరు లారీ ఆగేది. వానలు మొహం చాటేసిన దగ్గర నుంచీ ఆమె కాలు ఆగిన చోటల్లా తెల్లటి దుమ్మే లేచింది. ఇంతలో ఎండాకాలంలో ఒకనాడు హేమ, ఎవరూ అడక్కుండానే, పొలం గట్టున నిలబడి "ఈడ ఉండాయంట నీళ్ళు" అంది. లారీవాడు నవ్వుతూనే అక్కడ బోరు దించాడు. నీళ్ళు మనిషెత్తు ఎగిరాయి. ఆ రోజుతో తల్లి పెద్దకోడలిని వదిలి చిన్నకోడలి మీదికి పోయిందని ఊరు తీర్మానం చేసేసింది.

మహేశ్వరికి హేమ మీద జాలి లేదా అంటే ఉంది, చారెడు. అసూయ గంపెడు. తన వాకిట్లోనే, తన కళ్ళ ముందే, నిన్నటిదాకా తన కాళ్ళకు పసుపు రాసినవాళ్ళు హేమ కాళ్ళకు రాస్తుంటే ఆమె కడుపు రగిలిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది కూడా అందుకే. "ఇది తల్లి కాదు, రోగం" అని చదువుకున్న మనిషి నోటితో అనిపించి, ఆ మాటను ఊరి ముందు పడేయాలి. పిల్ల బాగుపడితే మంచిదే, కానీ అది ఆమెకు రెండో సంగతి.

లోపలికి పిలిచారు.

పద్మప్రియది గోరంట్ల వైపు. మాటలో ఆ యాస ఇంకా పోలేదు. వాళ్ళు కూర్చోగానే జబ్బు సంగతి ఎత్తలేదు. నిద్ర పడుతోందా, పుట్టిల్లు ఎక్కడ, డిగ్రీలో ఏం చదివావు అని అడిగింది. హేమ నేల చూపులు చూస్తూనే ఒక్కో మాట విడిచింది. కాస్త కుదుటపడ్డాక డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మనిషి కనపడకుండా మాటలు వినపడేది శానామందికి ఉంటాది హేమా. దాంట్లో సిగ్గుపడేదేం లేదు. నీకు ఎట్ల వినపడతాండాయి?"

హేమ చప్పున తలెత్తింది. ఇన్నాళ్ళూ ఆమెను తల్లి ఏం చెప్పిందని అడిగినవాళ్ళే గానీ, నీకెలా ఉందని అడిగినవాళ్ళు లేరు.

"చెవి పక్కనే మేడమ్. ఒక్కోసారి గోడ అవతల నుంచి. పొద్దున లేస్తానే మొదలైతాది."

"అక్కను కాసేపు బయట కూర్చోమందామా? ఇద్దరమే మాట్లాడుకుందాం."

"వద్దు మేడమ్. అక్క ఈడుంటేనే నయం. యాడికన్నా పోతే ఇంగా గట్టిగా అరుస్తాది."

"ఎవురు?"

హేమ మహేశ్వరి వైపు చూడకుండా చెప్పింది.

"అక్కే."

మహేశ్వరికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేవబోయింది. డాక్టరు ఆమె వైపు చూసి, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"వినపడే గొంతు అక్కదా?"

"అక్కదే మేడమ్. మొదట బోరు కాడ వినపడింది కూడా అక్క గొంతే. 'ఈడ ఉండాయి నీళ్ళు' అనె. అక్క నా ఎనకాల నిలబడుకోని అంటాందేమో అనుకొని నేను గట్టిగా చెప్పినా. తిరిగి చూస్తే ఎవురూ లేరు."

మనుషులు ఎంత విచిత్రమైనవాళ్ళో చూడండి. ఎదురుగా తోడికోడలు అలా వణుకుతూ కూర్చుంటే, మహేశ్వరి బుర్రలో మొట్టమొదట మెరిసిన ఆలోచన: అయితే ఆ బోరు నాదే! నా గొంతు చెబితేనే పడ్డాయి నీళ్ళు! ఒక్క క్షణం ఆమె వెన్ను నిటారుగా లేచింది. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

హేమ ఆగలేదు. కట్ట తెగినట్టు చెప్పుకుపోయింది.

"ఆ తర్వాత తిట్టేది మొదలుపెట్టె. 'యాడి నుంచి దాపురించినావే ఈ ఇంటికి. నా సోటు గుంజుకున్నావు. నీ మొగుడు నిన్ను ఇడ్సిపెట్టి బళ్ళారి పక్క బోర్లేసుకుంటా తిరుగుతాండాడు, సిగ్గు లేదా' అంటాది. 'కూడు తినొద్దు, దాంట్లో మందు కలిపినా' అంటాది. 'బాయిలో దిగు' అంటాది."

"బావి దగ్గరికి పోవాలనిపిస్తాందా?" డాక్టరు సూటిగానే అడిగింది.

"లేదు మేడమ్. భయం. ఆ పక్కకే పోను. పడుకునేటప్పుడు తలుపు గడియ పెట్టి, గడియకు చీరకొంగు కట్టుకుంటా."

మహేశ్వరి ఇక ఉండలేకపోయింది. "నేను అనలే! సుంకులమ్మ సాక్షిగా నోరు తెరిసి ఒక్క మాట అనలే మేడమ్!"

నోరు తెరవలేదన్నది నిజమే. నోరు తెరవకుండా, పిండి కలుపుతూ, బట్టలు పిండుతూ, వాకిట్లో జనం హేమకు మొక్కుతుంటే తలుపు చాటున నిలబడి లోపల్లోపల అనుకున్నవన్నీ అనుకున్నట్టే ఆ పిల్ల నోటి నుంచి వస్తుంటే ఆమెకు ఒళ్ళంతా చెమట పట్టింది. అన్నంలో మందు సంగతి ఎన్నడూ అనుకోలేదు. మిగతావి అనుకుంది. బావి సంగతి కూడా, ఒకసారి.

నర్సు హేమను బరువు చూడ్డానికీ రక్తం తీయడానికీ పక్క గదిలోకి తీసుకుపోయింది. తలుపు మూసుకోగానే మహేశ్వరి బల్ల మీదికి వంగింది.

"మేడమ్, ఒక మాట అడుగుతా, నవ్వొద్దు. మనసులో అనుకునేటివి పక్కనోళ్ళకు వినపడతాయా?"

పద్మప్రియ నవ్వలేదు. "వినపడవమ్మా."

"మరి నా గొంతే ఎందుకు? అత్త గొంతు కాకూడదా? మొగుని గొంతు కాకూడదా?"

"ఇది మెదడులో వచ్చే జబ్బు. సైకోసిస్ అంటారు. ఇప్పుడే మొదలైంది. మనిషి లోపల పుట్టే మాటే, బయటోళ్ళు అన్నట్టుగా చెవికి వినపడతాది. ఆమెకు అది నటన కాదు. నా మాట మీకు ఎంత నిజంగా వినపడతాందో, ఆ మాట ఆమెకు అంతే నిజం. గొంతు ఒకరిదే ఎందుకైతాదో కచ్చితంగా చెప్పలేం. కొందరికి మాత్రం ఎవురి మెప్పు కోసం పాకులాడతారో, ఎవురికి శానా జంకుతారో, వాళ్ళ గొంతే వస్తాది."

మహేశ్వరికి పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆ పిల్ల కూరలో ఉప్పు చాలిందా అని అత్తను అడిగేది కాదు, తననే అడిగేది. చీర కొత్తది కట్టుకుంటే మొదట తన ముందే వచ్చి నిలబడేది. అదంతా నంగనాచి వేషం అనుకుంది. తనతో పోటీ పడుతోంది అనుకుంది. పాకులాడింది తన మెప్పు కోసమే అని ఇప్పుడు డాక్టరు చెబుతోంది.

"అయితే నా వల్లనే వచ్చిందా ఇది?"

"కాదు. ఎవురి కుళ్ళుతోనూ ఈ జబ్బు రాదు. కానీ ఇంట్లో సాధింపులుంటే, ఎత్తిపొడుపులుంటే తగ్గాల్సింది తగ్గదు, తగ్గింది మళ్ళీ లేస్తాది. అది మాత్రం మీ చేతుల్లో ఉండాది." పద్మప్రియ చిన్న పొట్లం బల్ల మీద పెట్టింది. "తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. మొదట్లో మత్తుగా ఉంటాది. మాటలు ఒక్కరోజులో ఆగవు, మెల్లగా సన్నగిల్లుతాయి. తొందరగా తీసుకొచ్చినారు, అదే మంచిదైంది. ఈ వయసులో మొదట్లోనే పట్టుకుంటే శానామంది చక్కగా కోలుకుంటారు. మాత్రలు ఒక్కటే కాదు, నా దగ్గరికొచ్చి మాట్లాడుకుంటా ఉండల్ల. ఆ గొంతుకు లొంగకుండా ఉండేది ఎట్లనో నేర్చుకుంటాది. ఒంటరిగా వదలొద్దు. బావి మాట మళ్ళీ ఎత్తితే, ఏ పొద్దైనా సరే, నేరుగా ఆస్పత్రికి తీసుకురండి. ఆమె మొగునికి ఫోన్ చేసి నేను మాట్లాడతా."

"మాటలు వినపడతాండాయి అంటే ఏమనల్ల మేడమ్? అదంతా అబద్ధం అనల్లా?"

"అబద్ధం అని పోట్లాడొద్దు. అవును తల్లీ అని మొక్కొద్దు. 'నాకు వినపడలే, నీకు భయంగా ఉందని మాత్రం తెలుస్తాంది, నేను పక్కనే ఉండా' అనండి. ఇంటికి పోయినాక ఏమన్నా తినిపించి ఒక మాత్ర వెయ్యండి. ఎవురు ఇస్తారు?"

ఎవరిస్తారు? హేమ మొగుడు నరేంద్ర బోరు లారీతో బళ్ళారి వైపు. చెన్నమ్మకు ఇంగ్లీషు మందంటేనే గిట్టదు. మహేశ్వరి మొగుడు సుబ్బన్న తల్లి గీసిన గీత దాటడు.

"నేనే," అంది మహేశ్వరి. అని, కొంగు చివర నలుపుతూ, తలొంచుకుని అడిగింది. "నాకూ తల్లి పూనుతాది మేడమ్. నాదీ రోగమేనా?"

"ఎప్పుడు వస్తాది?"

"డప్పు కొడితే, ఆరతి ఇస్తే."

"ఆరతి అయిపోయినాక?"

"పోతాది. ఇంటికొచ్చి వంట చేసుకుంటా."

"తిట్టదు కదా? తినొద్దు అనదు కదా? అయితే దానికి నా దగ్గర మందు లేదమ్మా. అది మీ ఆచారం. నేను వైద్యం చేసేది మనిషిని నలిపేసే దానికి."

వచ్చిన పని అయింది. తనది ఆచారం, హేమది జబ్బు. కావాల్సిన మాట చదువుకున్న మనిషి నోటితోనే దొరికింది. సంతోషపడాలి కదా? బస్సులో హేమ తల తన భుజం మీద వాలి ఉంటే, మహేశ్వరి సంతోషం కోసం లోపలంతా వెతుక్కుంది. కాస్త దొరికింది కూడా. ఆ దొరికినందుకే సిగ్గుపడింది.

ఊరి దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో జనం. డప్పులు వేడి చేస్తున్నారు. ఊరి రైతు ఎర్రన్న చీనీతోటలో బత్తాయి చెట్లు ఆకు ముడుచుకుని చాలారోజులైంది. ఆయన బోరు లారీ పిలిపించి, చిన్నకోడలు వచ్చి చోటు చూపిస్తుందని కాచుకుని ఉన్నాడు. చెన్నమ్మ పసుపునీళ్ళ పళ్ళెంతో ఎదురొచ్చింది. పళ్ళెం పెద్దకోడలిని దాటి నేరుగా చిన్నకోడలి కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అలవాటైన మంట మహేశ్వరి కడుపులో అలవాటుగానే లేచింది.

"అత్తా, ఆగు. ఈ పొద్దు హేమ యాడికీ రాదు. ఆయమ్మికి ఒంట్లో బాగలేదు."

"పిల్లల మందుకని పోయి ఒంట్లో బాగలేదంటావేందే?"

"పిల్లల మందు కాదు. అబద్ధం చెప్పినా. తలకాయ డాక్టరు కాడికి పోయినాం. ఆయమ్మికి వినపడేది తల్లి మాట కాదు. రోగం. తల్లి అయితే బిడ్డను కూడు తినొద్దంటాదా? బాయిలో దిగమంటాదా?"

ఎర్రన్న మంచం మీద నుంచి లేచాడు.

"ఏమప్పా ఇది! నా చెట్లు నిలువునా ఎండిపోతాండాయి. లారీ తెచ్చి నిలబెట్టుకోనుండా. మీ తోడికోడళ్ళ కొట్లాట ఈ పొద్దే తీర్సుకోవల్లనా?"

"కొట్లాట కాదన్నా."

"మరేంది? నువ్వు చూపించిన సోట దుమ్ము లేసె. ఆయమ్మి చూపించిన సోట నీళ్ళు లేసె. నీకు ఓర్సలేక పిచ్చిదని ముద్ర ఏసుకోనొచ్చినావు. ఊళ్ళో ఎవురిని అడిగినా ఇదే చెప్తారు."

ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. వాకిట్లో మొహాలన్నీ అదే చెబుతున్నాయి. చెన్నమ్మ మెల్లగా పళ్ళెం అరుగు మీద దించింది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. నెమ్మదిగా మాట్లాడి మనిషిని నిలువునా కోసే రకం.

"సరే కోడలా. దానిది రోగం. మరి నీదేంది? నీకు పూనేది తల్లి, దానికి పూనేది రోగమా? ఎట్ల ఎంచినావే రెండిటినీ? చెప్పు, అందరూ వింటాండారు."

జవాబు మహేశ్వరి నాలుక చివరే ఉంది. డాక్టరమ్మ అచ్చంగా విడమరిచి చెప్పిన జవాబు. నాది ఆరతితో పోతుంది, దానిది పోదు. నాది ఎవరినీ నలపదు, దానిది నలుపుతోంది. ప్రతి ముక్కా నిజమే. కానీ ఆ నిజం చెబితే లాభం ఎవరికి? తనకే. చెంబు మళ్ళీ తన చేతికొస్తుంది, పసుపు మళ్ళీ తన కాళ్ళకొస్తుంది. ఇంకొకతె వచ్చి ఇదే మాట చెప్పి ఉంటే తను నమ్మేదా? ఛీ కొట్టి ఉండేది. తన నోటి నుంచి వస్తే ఎంత నిజమైనా కుళ్ళు కంపు కొడుతుంది. అందులో కుళ్ళు లేదని కూడా ఆమె ప్రమాణం చేయలేదు.

ఆమె ఇంట్లోకి వెళ్ళింది. దేవుడి గూట్లో ఉన్న చెంబు తెచ్చింది. తన పెళ్ళయిన ఏడాది అత్త తన చేతికిచ్చిన రాగిచెంబు అది. దాన్ని చెన్నమ్మ కాళ్ళ దగ్గర అరుగు మీద పెట్టింది. చేయి వెంటనే వదల్లేదు. వదలడానికి కష్టమైంది.

"నాది తల్లో కాదో నేను చెప్పను అత్తా. ఈ పొద్దు నుంచి ఈ చెంబు ముట్టను. జాతరకు గుడి మెట్టు ఎక్కను. పూనకం వస్తే నాలుక కరుసుకోని ఇంట్లో పడుంటా. ఇంగ దీంట్లో నాకు వచ్చేది ఏముండాది? ఇప్పుడన్నా నమ్మండి. ఆ పిల్లను ఇడ్సిపెట్టండి. మాత్ర మింగనీండి. ఎర్రన్నా, నీ చెట్లకు నీళ్ళు కావల్లంటే అనంతపురం నుంచి జియాలజిస్టును పిలుచుకో. అన్నం తినని బిడ్డను ఎండలో నడిపించొద్దు."

ఎర్రన్న తల గోక్కున్నాడు. డప్పు పట్టుకున్న జయరాముడు దాన్ని మెల్లగా నేల మీద పెట్టాడు. చెన్నమ్మ చెంబు వైపు చూసింది. జీవితంలో ఇంత పెద్ద త్యాగం చేసినప్పుడు మనిషికి కాస్త గుర్తింపు కావాలనిపిస్తుంది. మహేశ్వరి తలెత్తి చుట్టూ చూసింది. ఒక్క కన్ను కూడా తన మీద లేదు. అందరూ గడప దగ్గర నిలబడ్డ హేమనే చూస్తున్నారు, ఈ చిన్నది ఇప్పుడేమంటుందోనని. చెంబు పోయినా మంట పోలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

అయినా వంటింట్లోకి వెళ్ళి, రాగిసంకటిలో మజ్జిగ కలిపి తెచ్చి, గడప మీద కూర్చోబెట్టి తినిపించింది. హేమ రెండు ముద్దలు మింగింది, కళ్ళు గట్టిగా మూసుకుని. పొట్లం విప్పి మహేశ్వరి ఒక మాత్ర ఆమె అరచేతిలో పెట్టింది. నీళ్ళ గ్లాసు అందించింది.

"మింగు పాపా. నేను పక్కనే ఉండా."

హేమ మాత్రను పెదాల దాకా తీసుకుపోయింది. అక్కడే ఆగిపోయింది. తల పక్కకు వాల్చి ఏదో విన్నట్టు చూసింది. ఆ వైపు ఎవరూ లేరు.

"అక్కా."

"ఆ."

"రెండు మాటలు వినపడతాండాయి. రెండూ నీ గొంతే. ఒకటి మింగు, బాగైతావు అంటాది. ఇంగోటి మింగొద్దు, ఇది తింటే సస్తావు, సస్తే నాకు పీడ పోతాది అంటాది." హేమ కళ్ళ నిండా నీళ్ళు. అందులో నాటకం లేదు, తల్లి లేదు, దారి తప్పిన పిల్ల మాత్రమే ఉంది. "ఇందులో నువ్వు ఏది? నువ్వు చెప్తే అదే చేస్తా."

మహేశ్వరి నోరు తెరిచింది. రెండూ తనవే అని ఆమె ఒక్కదానికే తెలుసు.

వాకిట్లో జనమంతా హేమ మీద నుంచి చూపు తిప్పారు. చెన్నమ్మ, ఎర్రన్న, డప్పులవాళ్ళు, అందరూ మహేశ్వరి ఏం చెబుతుందోనని ఆమె వైపే చూస్తున్నారు. ఎండాకాలం నుంచీ ఆమె కోరుకుంటున్నది అదే.